ఆర్గన్ మోగని శుక్రవారం

తప్పు నాదే. మా బడి తరఫున ఫ్రాన్సు పిల్లల పర్యటనకు తేదీలు వేసింది నేను, సంతకం పెట్టింది నేను. బస్సులు చూశాను, హాస్టల్ చూశాను, గుడ్ ఫ్రైడే ఎప్పుడో మాత్రం చూడలేదు. ఇరవై ఏళ్ళుగా మా చర్చిలో పాడుతున్నదాన్ని. గురువారం మూగబోయిన ఆర్గన్ శనివారం రాత్రి పూజదాకా మోగదని ఈ లోయలో పసిపిల్లకైనా తెలుసు.

నాలుగు రోజులు వియన్నాలో, సాల్జ్‌బర్గ్‌లో మహా స్వరకర్తల ఇళ్ళు చూసి, పన్నెండుమంది పిల్లలు శుక్రవారం మా ఊళ్ళో దిగారు, మా జెల్లింగర్‌ని వినడానికి. రెండొందల ఏళ్ళ కిందట మా ఆర్గన్ మీదే సంగీతం రాసుకుని, లోయ దాటి ఎవరికీ తెలియకుండా పోయిన మనిషి ఆయన. ఆర్గన్ వాయించే ఎంగెల్‌బెర్ట్ గారు ఎనభై ఏళ్ళ వయసులో జెల్లింగర్ రచన ఒక్కదాన్నే చలికాలమంతా సాధన చేశారు. వచ్చే మంగళవారం ఆయన చేతులకు ఆపరేషన్. ఆ తర్వాత వేళ్ళు మాట వింటాయో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు.

"రేపు రాత్రి పూజయ్యాక వాయించమను," అన్నారు ఫాదర్ కొలొమాన్, ఆర్గన్‌కి గాలి కొట్టే మోటారు తాళంచెవి జేబులోంచి తీయకుండానే.

"అప్పుడెవరు వింటారు ఫాదర్? దీవెన అయ్యీ అవ్వగానే ఈస్టర్ విందు హామ్ బుట్టలు పట్టుకుని ఇళ్ళకి పరుగే కదా మనవాళ్ళు."

"అందరికన్నా ముందుండేది నువ్వేగా రోస్విథా."

నిజమే.

"పది నిమిషాలు ఫాదర్."

"ప్రభువు చనిపోయిన రోజమ్మా. నా చేతిలో ఏముంది?"

ఆయన మీద కోపమైనా రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ఆర్గన్ ఉన్న పై అంతస్తుకి వెళ్ళేసరికి ఎంగెల్‌బెర్ట్ గారు కాలి మీటలు నొక్కడానికి వేసుకునే బూట్లు తొడుక్కుని కూర్చున్నారు. చుట్టూ పిల్లలు. నా ముఖం చూసి ఆయనకి అర్థమైంది.

"గాలి లేదు, అంతేగా. మీటలున్నాయి," అని మొదలుపెట్టారు.

గాలి లేని ఆర్గన్‌లో వినిపించేది చెక్క చప్పుడే. టకటకమంటూ పన్నెండు నిమిషాలు. ఒకచోట వేలు తడబడితే వెనక్కి వెళ్ళి సరిచేసుకుని మరీ వాయించారు. పిల్లలు ఊపిరి బిగబట్టి ఆయన చేతులే చూస్తున్నారు. సోలేన్ అనే పిల్ల ఆర్గన్ చెక్కకి అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నిజంగా ఎప్పుడు మోగుతుంది టీచర్?" అంది దిగేటప్పుడు.

"రేపు రాత్రి."

"మా బస్సు పొద్దున తొమ్మిదికే."

"తెలుసమ్మా. బుక్ చేసింది నేనే."

శనివారం రాత్రి పూజయ్యాక అందరూ బుట్టలు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. జెల్లింగర్ సంగీతం చర్చి నిండా మోగింది. ఎంత బాగుందో చెప్పలేను, నాకు ఏడుపొచ్చింది. వింటున్నది నేనూ, కొవ్వొత్తులు ఆర్పుతున్న ఫాదరూ.

ఎంగెల్‌బెర్ట్ గారు కిందికి దిగి, ఖాళీ బెంచీలు చూసి, వేళ్ళు రుద్దుకున్నారు.

"నిన్ననే బాగా కుదిరిందమ్మా," అన్నారు.