వకారానికి గుడి

ఆ పొద్దున ఆకాశం మూతపెట్టిన గిన్నెలా ఉంది. మబ్బు కదల్లేదు, ఆకు కదల్లేదు, ఒకటే ఉక్క.

కోతమిల్లులో దుంగల మీద నెంబర్లు వేసేవాణ్ణి అందరూ 'అక్షరాలు' అనేవాళ్లు. ఆరో తరగతి దాకా చదివాడు. ఆ షెడ్డులో అదే పెద్ద చదువు. దుంగల్ని లాగే కొత్త యంత్రం అప్పుడే దిగింది. మీటలన్నీ ఇంగ్లీషు.

"మన అక్షరాల్లో రాసి చావు," అన్నాడు రంపం మేస్త్రి.

మొదటి మీట కింద ఎర్ర రంగుతో 'విండ్' అని రాశాడు. బళ్లో నేర్చిన మాటే.

"అంటే?"

"గాలి. లోపల ఫ్యానుంటుంది కాబోలు."

మేస్త్రి తమ్ముడు, అంటే అక్షరాలికి బావ, అక్క మొగుడు, ఇనప మోకు కొస డ్రమ్ముకి బిగిస్తున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"అన్నా, ఆ గాలేదో వదులు. ఉడికిపోతున్నా."

మేస్త్రి మీట నొక్కాడు.

గాలి రాలేదు. డ్రమ్ము తిరిగింది. మోకు బావ కుడిచేతి మీదుగా ఒక చుట్టు చుట్టింది, ఇంకో చుట్టు చుట్టింది. ఎముకలు పచ్చికట్టెల్లా ఫెళ్లుమన్నాయి. ఆపే మీట దొరికేసరికి నాలుగు వేళ్లు గ్రీజులో పడున్నాయి.

యంత్రం తెచ్చిన మెకానిక్కు రాత చూసి నెత్తి కొట్టుకున్నాడు. "విండ్ కాదయ్యా, వైండ్! చుట్టమని. ఇంగ్లీషులో రెంటికీ రాత ఒకటే."

మేస్త్రి అక్షరాల్ని జుట్టు పట్టి దుంగకేసి కొట్టాడు. పన్ను ఊడింది. కొక్కెం కర్రతో మోకాళ్ల మీద, వీపు మీద బాదాడు. "వాడి చెయ్యి తేరా! తే!" అక్షరాలు చెయ్యైనా అడ్డం పెట్టలేదు. రొప్పుతూ మేస్త్రి రంగుడబ్బా అతని ముందుకి తన్నాడు. "దిద్దు."

గీకి దిద్దాడు. రంగూ ఎరుపే కాబట్టి కారిన నెత్తురు తుడిచే పని పడలేదు.

పది రోజులు షెడ్డులోనే పడుకున్నాడు. బావని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని విని వెళ్లి గుమ్మం బయట నిలబడ్డాడు. అతనికున్న ఇల్లు అదొక్కటే. అక్క చూసి మొహం తిప్పుకుంది.

"అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతా," అన్నాడు మేస్త్రి.

బావ కట్టు వైపు చూసుకున్నాడు. "ఏం తప్పు రాశావురా బావమరిదీ?"

"వకారానికి గుడి పెట్టా బావా. ఐత్వం పెట్టాల్సింది."

"గుడి కట్టి నా చెయ్యి బలిచ్చావన్నమాట."

ఎవరూ నవ్వలేదు.

"నొక్కమన్నది నేను. నొక్కింది నువ్వన్నా. వాణ్ణొక్కణ్ణే చంపితే ఎలా? రానీ."

అక్క నాలుగు కంచాలు పెట్టింది. బావ ఎడంచేత్తో కలుపుతుంటే మెతుకులు రాలిపోతున్నాయి. అక్షరాలు పన్ను ఊడని వైపు మెల్లగా నమిలాడు. మేస్త్రి తలెత్తకుండానే నీళ్లచెంబు అతని వైపు జరిపాడు.