మూడూ పదికి ఏడో గుంట

ఏడో గుంటలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు వాటంతటవే తిరగడం మొదలై ఆ గురువారానికి పది రోజులు. తిరిగేది పట్టపగలు, మూడూ పదికి. గాలి ఆగిపోయి, ఉప్పు వాసన గట్టు మీదే నిలబడిపోయి, కొంగలు కూడా ఒంటికాలి మీద కునుకు తీసే వేళ. ఒక నిమిషం తిరిగి ఆగుతాయి. ఒక నిమిషం ఊరుకుంటాయి. మళ్లీ ఒక నిమిషం తిరిగి ఆగుతాయి. మూడోసారి మొదలయ్యాయంటే ఇక సాయంత్రం దాకా నీళ్లు చిలుకుతూనే ఉంటాయి.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే కనిపించే ఆ పదహారు రొయ్యల గుంటల్లో, చక్రాలు అలా వేసే అలవాటు ఒక్కరికే ఉండేది. సూపర్‌వైజరు పోలేరయ్యకు. ఏడో గుంట అడుగున పాత వాగు బురద ఉంది, దాన్ని ఒక్కసారిగా కలబెట్టకూడదు అనేవాడు. "నిద్రపోయేవాణ్ణి ఒక్క తన్ను తన్ని లేపుతామా? రెండుసార్లు పిలవాల" అనేవాడు. అతను చనిపోయి ఏడాది అయింది.

మేనేజరు కామాక్షయ్యకు ఇందులో దయ్యమేమీ కనపడలేదు. పెంచల్ కనపడ్డాడు. పెంచల్ గుంటల కాపలా మనిషి. ఆఫీసు కంప్యూటర్లో ఏడో గుంట వరసలో పది రోజులూ ఒకే మాట పడింది: "చేత్తో వేసినది". ఆ వేళకు గట్టు మీద ఉండే చేతులు పెంచల్‌వే.

"నేను ముట్టలేదయ్యా. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మనెందుకు లాగతావు? రొయ్యలు గట్టెక్కొచ్చి స్విచ్చు వేసినాయా?"

"ఎక్కినా మీసాలతో నొక్కాల గదయ్యా. చేతులేడుండాయి వాటికి?"

"ఎకసెక్కాలొకటి! కరెంటు ఎవడబ్బ సొమ్మనుకున్నావు? శనివారం దాకా చూస్తా. ఒప్పుకుంటే ఉంటావు. లేదంటే సంచి సర్దుకో."

గట్టు మీది రేకుల గదే పెంచల్ ఇల్లు. భార్య, నాలుగు నెలల బిడ్డ అందులోనే ఉన్నారు. ఒక్క అబద్ధం ఆడితే అన్నీ నిలబడతాయి. చేయని పని చేశానని చెప్పడం మాత్రం అతనికి చేతకాదు.

ఇదంతా పక్క గదిలోంచి వింటున్నది సాహిరా. ఆఫీసు కంప్యూటర్లు ఆమె చేతిలో ఉంటాయి. మేత నిల్వలు, గుంటల మీటర్లు, చక్రాల టైములు, హాజరు, అన్నీ వేరువేరు యంత్రాల్లా నడుస్తాయి గానీ ఉండేది ఒకే పెట్టెలో, ఒకే పెంకుటింట్లో నాలుగు కాపురాలున్నట్టు. పోయిన తుపానుకు ఆఫీసులోకి నీళ్లొచ్చి ఆ పెట్టె మునిగింది. రెండు రోజులు నాలుగు కాపురాల్లోనూ పొయ్యి వెలగలేదు. అప్పటినుంచి ఓనరు ఒకటే పోరు. ఇక్కడ మునిగిన వెంటనే కావలి ఊళ్లో ఉన్న రెండో ఆఫీసులో ఈ పెట్టె కాపీ లేచి నడవాలి, అందుకు తగిన డిజాస్టర్ రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదో శనివారానికి తేల్చమన్నాడు.

వడకట్టగా రెండు మిగిలాయి. మొదటిది ఐదు నిమిషాల్లో కాపీని లేపి నిలబెట్టింది. రెండోది నలభై నిమిషాలు తీసుకుంది. లేపేముందు సవాలక్ష ప్రశ్నలు: అసలు యంత్రం నిజంగా పోయిందా, ఇంకా నడుస్తోందా? కాపీ బయటివాళ్లతో మాట్లాడకుండా దారులు మూశారా? ఓనరుకు మొదటిదే నచ్చింది. చెప్పొద్దూ, సాహిరాకూ అదే నచ్చింది.

ఆ సాయంత్రం నాగులమ్మ వచ్చింది. పోలేరయ్య భార్య. కొంగు ముడి విప్పి పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"మీ ఆఫీసోళ్లకు మతుండాదా పాపా? పోయినోణ్ణి దినామూ డ్యూటీకి పిలస్తా ఉండారు."

"ఎవరక్కా పిలిచేది?"

"ఆయన ఫోను ఆపేదానికి నాకు చేతులు రాలా. చార్జింగు పెడతానే ఉండా. ఇప్పుడు దినామూ మూడయ్యేసరికి గుయ్యిమంటది. పక్కింటి పిల్ల చేత చదివించినా. చదివింది, అంతే, మళ్లా మా గడప తొక్కలా."

సాహిరా చూసింది. పది మెసేజీలు. పదింటిలోనూ ఒకే మాట. "పోలేరయ్యన్నా, ఏడో గుంటకు టైమయింది."

ఆ మాట ఆమెదే. ఇంగ్లీషు మెసేజీ తనకు అర్థం కాదని అతనంటే, తెలుగులో తానే కొట్టి పెట్టింది. "అన్నా అని పిలిచే కంప్యూటరు జిల్లా మొత్తానికి ఇదొక్కటేనమ్మా" అని అతను మురిసిపోయేవాడు. అతను పోయాక కామాక్షయ్య కరెంటు దండగంటే, మూడు విడతల ఏర్పాటునూ, ఈ మెసేజీనీ, అతని పేరునూ తీసేసింది కూడా ఆమే. ఇక్కడి పెట్టెలో అవి ఎక్కడా లేవు.

కావలిలో ఉన్నాయి. ట్రయల్ కోసం మంచి సరుకు మీద ప్రయోగమెందుకని, ఏడాది నాటి పాత బ్యాకప్‌ను మొదటి సాఫ్ట్‌వేర్‌తో అక్కడ లేపి పెట్టింది. పది రోజుల కిందట. దాన్నుంచి బయటికి ఈగ కూడా పోదని ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ మనిషి చెప్పాడు, ఆమె నమ్మింది.

వెంటనే కావలి ఆఫీసులో పనిచేసే ఎలిశబెతుకు ఫోను చేసింది.

"ఆ కాపీలో ఏడో గుంట తీసి చూడు."

"చూస్తా ఉండానక్కా. అన్నీ బాగానే..." ఎలిశబెతు ఆగింది. "అక్కా, ఇందులో పోలేరయ్య గారు డ్యూటీలో ఉండాడు. పేరు పక్కన పచ్చదీపం వెలగతా ఉంది."

ఆ బ్యాకప్ తీసింది అతను చనిపోవడానికి రెండు రోజుల ముందు. చనిపోయిన సంగతి ఆ కాపీకి తెలియదు. చెప్పినవాళ్లెవరూ లేరు. వేళకు అతన్ని పిలుస్తోంది, అతను చెప్పిన పద్ధతిలోనే చక్రాలు వేస్తోంది. గట్టు మీది స్విచ్చు పెట్టెలో సిమ్ కార్డు ఉంది. దాని నంబరు తెలిసిన ఏ యంత్రం మెసేజీ పంపినా చక్రాలు తిరుగుతాయి. ఇక్కడి యంత్రం తాను వేయలేదు గనక "చేత్తో వేసినది" అని రాసుకుంటోంది.

"ఆపేసేదా అక్కా?"

సాహిరా ఒక్క క్షణం ఆలోచించింది. ఇప్పుడే ఆపేస్తే పెంచల్ కోసం చూపించడానికి ఏమీ మిగలదు.

"రేపు మూడు దాటేదాకా ఉండనీ."

శుక్రవారం మూడింటికి గట్టు మీద నలుగురు నిలబడ్డారు. నాగులమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చింది, చేతిలో ఫోనుతో.

"రెండుసార్లు తిరుగుతాయి సార్" అంది సాహిరా. "అప్పుడు కావలిలో కాపీని ఆపిస్తా. మూడోసారి తిరగవు. తప్పు నాది, పెంచల్‌ది కాదు."

"తిరిగితే?"

"తిరగవు సార్."

కామాక్షయ్య పెంచల్ రెండు మణికట్లూ గట్టిగా పట్టుకున్నాడు.

"పెళ్లిలో కూడా నన్నెవురూ ఇంత గట్టిగా పట్టుకోలేదయ్యా" అన్నాడు పెంచల్.

నాగులమ్మ చేతిలో ఫోను గుయ్యిమంది. ఆమె చెంగు సర్దుకుంది, మనిషి ఇంటికొస్తున్నప్పుడు సర్దుకున్నట్టు.

మూడూ పది. చక్రాలు తిరిగాయి. ఆగాయి. నీటి వలయాలు గట్టును తాకి చెరిగిపోయాయి. మళ్లీ తిరిగాయి. ఆగాయి.

"ఆపెయ్" అంది సాహిరా ఫోనులో.

"ఆపేసినానక్కా. కాపీ పోయింది. తెర నల్లగా అయిపోయింది."

నిమిషం గడిచింది. గుంట పలకలా పరుచుకుని ఉంది. ఒక కొంగ కాలు దించింది. సాహిరా ఊపిరి వదిలింది. కామాక్షయ్య ఏదో అనబోయాడు.

చక్రాలు మెల్లగా కదిలాయి. తరవాత వేగం అందుకుని తెల్లటి నురుగు చిమ్మడం మొదలుపెట్టాయి.

"మూడోది?" కామాక్షయ్య గొంతు సగానికి తగ్గింది.

"నా చేతులు మీ దగ్గరే ఉండాయి గదయ్యా" అన్నాడు పెంచల్.

కామాక్షయ్య తన చేతుల్లో ఉన్న చేతుల్ని చూశాడు. ఒక్కో వేలే విప్పి వదిలాడు. తరవాత చాలాసేపు తన అరచేతుల్ని పంచెకు తుడుచుకున్నాడు.

నాగులమ్మ ఒక్కతే కంగారు పడలేదు. "ఆయనంతే. మొదలుపెట్టింది సగంలో వదలడు" అని, ఫోను ఆపి కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆపే ముందు చక్రాలు తిప్పమని కాపీ ఎన్ని మెసేజీలు పంపిందో ఎలిశబెతు వెతికి చెప్పింది. రెండే. అమ్మే కంపెనీ మనిషి టవర్లలో ఒక్కోసారి మెసేజీ చిక్కుకుంటుందన్నాడు. పంపని మెసేజీ ఎలా చిక్కుకుంటుందని సాహిరా అడగలేదు. ఇక్కడి కంప్యూటర్లో ఏడో గుంట వరసలో మాత్రం మూడో విడతకు ఎదురుగా ఎప్పటి మాటే ఉంది: "చేత్తో వేసినది".

శనివారం ఆమె రెండో సాఫ్ట్‌వేర్ తీసుకుందామని రాసి పంపింది. ఓనరు ఫోను చేశాడు.

"నలభై నిమిషాలంటే లేటు గదమ్మా?"

"లేపేముందు ఎవరు బతికుండారో, ఎవరు పోయినారో అడగనిది మనకొద్దు సార్."

పెంచల్ రేకుల గదిలోనే ఉన్నాడు. కామాక్షయ్య ఆ పదకొండు రోజుల కాగితాలు తిరగేసి, ఆరో గుంటలోనూ ఎనిమిదో గుంటలోనూ రొయ్యలు గాలి చాలక చచ్చి తేలాయని, ఏడో గుంటలో ఒక్కటీ తేలలేదని చూసుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. పెంచల్‌ను పిలిచి, "మూడూ పదికి నువ్వే వెయ్. ఆయనేసినట్టే" అన్నాడు.

సోమవారం సాహిరా వెళ్లి చూసింది. పెంచల్ చక్రాలు ఒకసారి వేసి ఆపాడు. రెండోసారి వేసి ఆపాడు. తరవాత స్విచ్చు మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గుంట వైపు చూస్తూ నిలబడ్డాడు. నిమిషం దాటింది.

"వెయ్యవేందబ్బా?" అంది సాహిరా.

"ఉండు మేడం. ముందు ఆయనకు కాస్త టైమిస్తా" అన్నాడు పెంచల్.

ఇద్దరూ నీళ్లను చూస్తూ నిలబడ్డారు.