నొప్పులా, కోతా

యూనిఫారాలు కుట్టే ఆ హాల్లో సూదిపిల్లంటే తెలియనివాళ్లు లేరు. మనిషి సన్నం, మాట చురుకు, అందుకే ఆ పేరు. తొమ్మిదో నెల వచ్చాక "మన సూదిపిల్ల దారపుండ అయిపోయిందర్రా" అని పక్క మిషన్లవాళ్లు ఏడిపిస్తున్నారు. ఇదివరకైతే ఒకటికి రెండు తగిలించేది. ఇప్పుడు నవ్వి ఊరుకుంటోంది.

ఆ నవ్వు పెదాల మీదే. ధ్యాసంతా పొత్తికడుపు మీది పాత కోత మీద ఉంది. మొదటి కాన్పుకి ఆపరేషన్ చేశారు. ఈసారి నొప్పులు పడి కంటావో, మళ్లీ కోయించుకుంటావో ఆలోచించుకుని సాయంత్రం వచ్చి చెప్పమంది డాక్టరమ్మ. "నీకు రెండిటికీ వీలుంది. నీ ఇష్టం" అంది. ఆ "నీ ఇష్టం"తోనే వచ్చింది చిక్కంతా. ఫలానాది చెయ్యమని చెప్పేసి ఉంటే, ఏడుస్తూనో మొత్తుకుంటూనో చేసేసేది.

ఇంట్లో అత్తది ఒక మాట. "నలుగుర్ని కన్నాను. పళ్లు బిగబట్టుకుంటే నొప్పులెంతసేపు? కోయించుకుంటే మళ్లీ నడుం లేస్తుందా?"

తోడికోడలిది ఇంకో మాట. "రెండుసార్లూ కోయించుకున్నాను, నాకేమైంది? రాయిలా లేనూ?"

"రాయివేలే. ఎంత చెప్పినా కదలవు" అంటుంది అత్త. అక్కణ్ణించి ఇద్దరూ పాత తగాదాల్లోకి దిగుతారు, కడుపుతో ఉన్న మనిషి ఎదురుగా ఉందన్న సంగతే మర్చిపోయి. వ్యాను తోలే మొగుణ్ణి అడిగితే "నీకెలా బాగుంటే అలా" అని, కూతుర్ని చంకనేసుకుని వీధిలోకి జారుకుంటాడు.

హాల్లో ఆమె పని, లాగి చూడటం. కుట్టడం అయిపోయిన ప్రతి ప్యాంటునీ రెండు చేతులా పట్టుకుని, కాళ్లు కలిసే చోట గట్టిగా లాగాలి. నిలిస్తే కట్టలోకి. ఒకసారి విప్పి మళ్లీ అదే గీత మీద కుట్టిందైతే, నిలిచినా సరే, విడిగా పడెయ్యాలి. సూది పోట్లు ఎక్కువై బట్ట పీచుపీచుగా ఉంటుంది. ఎంత మంచి దారం వేసినా ఎప్పుడో ఒకప్పుడు చిరుగుతుంది.

మధ్యాహ్నం అలాంటి ప్యాంటొకటి చేతికొచ్చింది. లాగింది. నిలిచింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఇంకొంచెం లాగింది. పర్రుమంది.

నొప్పులు పడితే పాత కుట్టు ఇలాగే పోతుంది. కోయించుకుంటే అదే గీత మీద రెండో కుట్టు. ఎటు చూసినా తన ఒళ్లు ఆ విడి గుట్టలోదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బట్టతో పగేంటమ్మా నీకు?" అన్నాడు కటింగ్ మాస్టారు.

సాయంత్రం డాక్టరమ్మ ఎదురుగా కూర్చోగానే ప్యాంటు సంగతితో సహా అంతా వెళ్లగక్కేసింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"బట్టలో పడ్డ పోటు పూడదమ్మా. ఒంట్లో కోత పూడుతుంది, కండ అతుక్కుంటుంది. నీకు కోసింది ఒక్కసారే, లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగా, కిందివైపు. మానడానికి ఏళ్లు దొరికాయి. అందుకే నొప్పులు పడొచ్చన్నాను."

"అయితే చిరగదాండీ?"

"చిరగదని మాటివ్వను. నూటికి ఒకరికి కూడా అలా అవదు. కానీ చిరిగితే తల్లికీ బిడ్డకీ ప్రాణాల మీదికొస్తుంది. అందుకే ఇక్కడే, బిడ్డ గుండె చప్పుడు వింటూ, ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచుకుని కాన్పు చేస్తాం. నొప్పులు పడ్డాక కూడా కొందరికి కోయాల్సి రావచ్చు. ముందే కోస్తే చిరిగే భయం దాదాపు ఉండదు. కోలుకోడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఇంకో బిడ్డ కావాలంటే కోతకోతకీ చిక్కులు పెరుగుతాయి."

ఆమె కుర్చీలో కాస్త ముందుకి జరిగి అంది.

"మొదటి కాన్పప్పుడు నన్నెవరూ అడగలేదండీ. మా అత్తగారినీ మా ఆయన్నీ పక్కకి పిలిచి మాట్లాడారు. నన్ను స్ట్రెచర్ మీద తోసుకెళ్లిపోయారు. బిడ్డ పోయిందనుకున్నాను." "ఈసారి మధ్యలో నేను ఇక చాలంటే?"

"చాలంటే ఆపరేషనే. ఏం చెయ్యాల్సొచ్చినా ముందు నీకే చెప్తాను. తీరిక లేకపోతే పరిగెడుతూ చెప్తాను."

"అయితే నొప్పులే పడతాను."

అనేశాక భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. కాకపోతే ఇందాకటిదాకా రెండు వైపుల నుంచి వచ్చేది, ఇప్పుడు ఒక్కవైపు నుంచే వస్తోంది.

బయట బెంచీ దగ్గర మొగుడు లేచి నిలబడ్డాడు. "ఏం తేల్చావు?"

"నొప్పులు పడతాను."

మళ్లీ కూర్చుండిపోయాడు. "కాళ్లూ చేతులూ ఆడట్లేదే నాకు."

"పడేది నేనండీ, మీరు కాదు."

"అది కాదు, ఏమైనా అయితే..."

"నీకెలా బాగుంటే అలా అన్నారుగా, చెప్పాను. భయపడ్డం మాత్రం నా ఒక్కదాని వల్ల కాదు. మీరూ పట్టండి ఒక చెయ్యి." "ఇంటినుంచి ఇక్కడికి ఎంతసేపు పడుతుంది?"

"రోడ్డు ఖాళీగా ఉంటే ఎంతలో వస్తాం!"

"ఖాళీగా లేకపోతే?"

ఈసారి అతను జారుకోలేదు. తల గోక్కున్నాడు. "గోడౌన్ల వెనక సందొకటుంది. మన వ్యాను పడుతుందనుకుంటా."

"అనుకుంటే కాదు" అని ఆమె పొట్ట కింద చెయ్యి వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. "పదండి, ఇప్పుడే పోనిచ్చి చూద్దాం."