నాలుగు చిప్పలు, ఒక కుడికాలు

కొండగాలి ఫోనులో దూరిందంటే మాట చెప్పినవాళ్ల నోట్లో ఒకలా, విన్నవాళ్ల చెవిలో ఒకలా ఉంటుంది. శుక్రవారం పదకొండు గంటలకు స్కీ లిఫ్టు పైస్టేషన్ నుంచి బుర్గీ "నా కాలి చిప్ప పగిలింది" అంది. కింద లిఫ్టు గదిలో కూర్చున్నవాడికి "మోకాలి చిప్ప పగిలింది" అని వినపడింది. అంతే, కొండ రక్షక దళం వాళ్లు నలుగురు స్లెడ్జి బండి, దుప్పట్లు, చెక్కబద్దలు పట్టుకుని పరుగున పైకెళ్లారు. తీరా చూస్తే బుర్గీ మంచులో నిటారుగా నిలబడి ఉంది. చీలమండ దగ్గర పైచిప్ప రెండుగా చీలిన స్కీ బూటును చేత్తో ఎత్తి చూపించింది.

"పగిలింది ఇది. పడుకోబెట్టాలని అంత సరదాగా ఉంటే దీన్ని పడుకోబెట్టండి."

కబురు మాత్రం ఆమెకంటే ముందే కొండ దిగింది. లిఫ్టు పక్కనే బూట్ల కొట్టు నడిపే సెవెరిన్ కుడుముల చారు సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికే ఆమె ఒంటిబూటుతో కుంటుకుంటూ లోపలికి అడుగు పెడుతోంది.

"అమ్మయ్య, కాళ్లు రెండూ వెంట తెచ్చుకున్నావు."

"కాళ్లున్నాయి, జోడే లేదు. రేపు తొమ్మిదింటికల్లా కావాలి పెద్దాయనా."

రేపు తొమ్మిదంటే ఏమిటో హింటర్‌ఫాల్ ఊళ్లో అందరికీ తెలుసు. అక్కడి స్కీ బడి గురువులు ఎనిమిదిమంది పండగలప్పుడు ఒకరి వెనక ఒకరు, ఒకే గీత మీద, ఒకే ఊపులో వాలు దిగుతారు. ముందున్న మనిషి గీసిందే గీత. ఆ గీత ఇరవై రెండు శీతాకాలాలుగా బుర్గీది. ఆమెకు నలభై ఏడేళ్లు. ఈ ఏడు గెరోల్డ్ అనే ఇరవై తొమ్మిదేళ్లవాడు ఆ చోటు తనకు కావాలన్నాడు. అడిగినవాడికి పరీక్ష పెట్టడం అక్కడి ఆచారం. ఇద్దరూ చెరోసారి మిగతా ఆరుగురినీ ఎలుగుగోడ అనే నిట్రవాలు మీదుగా దింపాలి. గెలిచినవాళ్లు ముందు నిలబడతారు, ఓడినవాళ్లు వరుస చివరికి పోతారు. బుర్గీ చివర నిలబడే మనిషి కాదు. ఓడితే బూట్లు విప్పేసి ఇంట్లో కూర్చుంటుందని సెవెరిన్‌కు తెలుసు.

"గట్టిది ఇవ్వు," అందామె. "నూట నలభై. గెరోల్డ్‌ది అదే."

సెవెరిన్ నిట్టూర్చాడు. బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె దాని మెడ మీద పెద్దగా రాసి ఉంటుంది. ఆ లోయలో మనిషి విలువ కూడా ఆ అంకెతోనే కడతారు. నూట ముప్పై తొడిగినవాడు నూట ఇరవైవాణ్ని పలకరించడు. బిగువంతా బూటులో ఉంటే నడుస్తుంది గానీ మెడలోకి ఎక్కితేనే చిక్కు. పైగా ఒక కంపెనీ నూట ముప్పై ఇంకో కంపెనీకి నూట పది. అంకెలో ఉన్న బూటకం కాలికి ఎలా తెలుస్తుంది?

అందుకే అతనికొక పద్ధతి ఉంది. కావాల్సిన బూట్లు వెనక గదిలోకి పట్టుకెళ్లి, అంకెల మీద నల్ల టేపు అతికించి తెస్తాడు. ఆ రోజూ రెండు జతలు తెచ్చాడు. రెండూ నల్లవే, ఒకే అచ్చులో పోసినవే, అడుగు పొడవు కూడా ఒకటే. ఒక జత నూట నలభై, ఒక జత నూట పది.

ముందు లోపలి మెత్తలు తీసేసి, ఉత్త చిప్పలో ఆమె పాదం పెట్టించాడు. వేళ్లు ముందుకు ఆనాక మడమ వెనక ఒక వేలు దూరింది, రెండోది దూరలేదు. సరిపోయింది. తర్వాత ఒక జత మెత్తలు వేడిచేసి ఆమె పాదానికి అచ్చు దింపాడు. నిలబడితే వేలి కొసలు ముందుకు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి. వచ్చాయి.

"రెండూ వెన్నలా ఉన్నాయి," అంది బుర్గీ కొట్లో మోకాళ్లు ఊపుతూ. "గట్టిదనం ఏదీ?"

"వెచ్చటి కొట్లో ప్లాస్టిక్కు పెళ్లికొడుకు లాంటిది, ఎటు వంచితే అటు వంగుతుంది. సంసారం బయట ఉంది. పద, చలిబల్ల మీద కూర్చో."

చలిబల్ల కొట్టు వెనక, ఎండ తగలని చోట ఉంది. సున్నాకు పదహారు డిగ్రీల కింద, అరగంట కూర్చోవాలి. మొదటి జతలో అరగంటయ్యాక ఆమె లేచి మోకాళ్లు ముందుకు నెట్టింది. చిప్ప చలించలేదు, చీలమండ వంగలేదు. వంగాల్సిన కాలు వంగకపోయేసరికి మడమే లోపల పైకి లేచింది. అవే మెత్తలు రెండో జతలో పెట్టి ఇంకో అరగంట కూర్చోబెట్టాడు. ఈసారి చిప్ప పళ్లు బిగించినట్టు నెమ్మదిగా వంగి, మళ్లీ ఆమెను నిలబెట్టింది.

"ఇదే," అంది. "ఇది నూట నలభయ్యేగా?"

"రేపు దిగాక చెప్తా."

"టేపు పీకనా?"

"పీకితే కాలు మూసుకుని కళ్లతో ఎంచుకుంటావు. నీ కాలు చెప్పింది చాలు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నూట పది గనక అయితే నీ మొహాన కొడతా పెద్దాయనా." అతను నవ్వుతూ ఆమె కాళ్ల నుంచి ఆ జత లాగేశాడు.

మెత్తలకు చెమ్మ పట్టింది. రాత్రికి వాటిని వేడిగొట్టం పక్కన ఆరబెట్టి, నాలుగు ఉత్త చిప్పలు బల్ల మీద వరసగా పెట్టాడు. పొద్దున ఏడింటికి ఆమె వచ్చేసరికి మెత్తలు చిప్పల్లో దూర్చి, బకిల్స్ పెట్టి, వెన్ను తట్టి పంపించాడు.

ఎనిమిదింబావుకు మిగిలిన జతను అరలో సర్దుదామని టేపు పీకాడు. ఎడమ చిప్ప మీద నూట నలభై. కుడి చిప్ప మీద నూట పది.

సెవెరిన్ రెండు అంకెలూ మళ్లీ చదివాడు. అంటే కొండ మీదున్న బుర్గీ ఎడమకాలికి నూట పది, కుడికాలికి నూట నలభై. ఊరందరి కళ్లకూ గంతలు కడదామనుకుంటే ఆ టేపు తన కళ్లకే కట్టుకున్నాడు. ఎడమకాలు వంగుతుంది, కుడికాలు వంగదు. ఎలుగుగోడ మీద మంచు అద్దంలా ఉంది.

లిఫ్టు గదికి ఫోన్ చేశాడు. "పైకి కబురు పెట్టు. బుర్గీ కుడి చిప్ప తప్పు."

"చిప్పలా, మళ్లీనా?" అన్నాడు అవతలివాడు. "నిన్న ఆ చిప్ప నమ్మి నలుగుర్ని పరిగెత్తించాను. నా వల్ల కాదు బాబూ." ఫోన్ పెట్టేశాడు.

సెవెరిన్ నూట పది కుడి చిప్పను చొక్కా లోపల, పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు. చలికి చిప్ప బిగుసుకుంటే ఏనుగు వచ్చినా నోరు తెరవదు, వెచ్చగా ఉంటేనే కాలు దూరుతుంది. అరవై రెండేళ్ల పొట్ట జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. కొట్లో వేసుకునే జోళ్లతోనే లిఫ్టు పెట్టెలోకి ఎక్కాడు.

సగం దారిలో గాలి లేచి పెట్టె ఆగిపోయింది. కింద లోయ, పైన తీగ, మధ్యలో సెవెరిన్. ఎనిమిది నలభై అయింది, తొమ్మిదయింది. కిటికీలోంచి చూస్తే దూరంగా ఎలుగుగోడ మీద ఏడు చుక్కలు ఒకే దారానికి గుచ్చినట్టు జారుతున్నాయి. గెరోల్డ్ వంతు ముందు. దారం ఎక్కడా తెగలేదు. తర్వాత జట్టంతా పక్కవాలు లిఫ్టెక్కి మళ్లీ పైకి వెళ్లడం కనిపించింది. తొమ్మిదీ ఇరవైకి పెట్టె కదిలింది.

అతను పడుతూ లేస్తూ ఆరంభ రేఖ దగ్గరికి చేరేసరికి బుర్గీ స్కీలు విప్పేసి ఉంది. ఆమె ఎదురుగా పరీక్షకుడు ఒత్‌మార్ చిన్న పుస్తకం తెరిచి నిలబడ్డాడు. వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే ఆస్ట్రియా టిరోల్ కొండల్లో అందరూ అందరికీ 'నువ్వే'. మంత్రిగారైనా సరే. అలాంటిది ఒత్‌మార్ నోట బుర్గీ పూర్తి పేరు, 'మీరు' వినగానే వ్యవహారం ముదిరిందని సెవెరిన్‌కు తెలిసింది.

"వాల్‌బుర్గా గారూ, మీరు తప్పుకుంటున్నట్టు రాసుకోమంటారా?"

"రాసుకో," అంది బుర్గీ, కొండవైపు చూస్తూ. "పొద్దున ఒళ్లు వేడెక్కడానికి రెండుసార్లు దిగాను. రెండుసార్లూ కుడికాలు తన్నేసింది. బూటును అనడానికి లేదు, అదే జోడులో ఎడమకాలు బంగారంలా ఉంది. కాలే అయిపోయింది. దాని కాలం అంతే."

ఒత్‌మార్ పెన్ను మూత తీశాడు.

"రాయకు," అన్నాడు సెవెరిన్ రొప్పుతూ. "కాలు మంచిదే. పాపం నాది. బుర్గీ, కూర్చో, కుడికాలివ్వు."

"ఏంటిది?" అన్నాడు గెరోల్డ్. "పరీక్ష మధ్యలో చెప్పుల షాపు తెరుస్తారా? నేను ఒప్పుకోను."

ఒత్‌మార్ గడియారం చూసుకున్నాడు. "రెండు నిమిషాలు. సంజాయిషీ దిగాక. అది నచ్చకపోతే ఈ పరుగు లెక్కలోకి రాదు, ముందు చోటు గెరోల్డ్‌ది."

సెవెరిన్ మంచులో మోకరిల్లాడు. బిగుసుకున్న చిప్పలోంచి ఆమె పాదం లాగాడు, మెత్త లాగాడు, పొట్ట దగ్గరి చిప్పలో దూర్చాడు. చలికి అతని చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. మూడో బకిల్ రెండుసార్లు జారింది. గెరోల్డ్ పైకే లెక్కపెడుతున్నాడు, తొంభై, తొంభై ఒకటి. నూట పదికి బకిల్ పడింది. ఆ అంకె విని సెవెరిన్ ఉలిక్కిపడ్డాడు గానీ ఎవరూ గమనించలేదు.

బుర్గీ లేచి ఒక్కసారి మోకాలు వంచింది. వెంటనే స్కీలు తొడుక్కుంది.

ఏడుగురు అంచు దాటారు. ఎలుగుగోడ నడుము దగ్గర బయటికి పొడుచుకొచ్చిన బండ ఉంది, దాని కింద యాభై మీటర్లు పైవాళ్లకు కనపడదు. ముందు ఒక చుక్క బయటికొచ్చింది, దాని వెనక రెండోది, మూడోది. ఏడో చుక్క కూడా అదే గీత మీద వచ్చింది. గెరోల్డ్ గీత గీసినట్టుంది, ఈమె గీత పుట్టినట్టుంది. కానీ గీత ఎంత బాగున్నా మాట కుదరకపోతే దక్కదు. లిఫ్టులో కిందికి దిగిన పావుగంటలో సెవెరిన్ ఆ మాటలు పదిరకాలుగా కూర్చుకున్నాడు. ఏ రకంలోనూ అంకె దాచడం కుదరలేదు.

కింద గుడిసె ముందు జట్టంతా, ఊళ్లో సగం జనం గుమిగూడారు. "గీత బుర్గీదే," అన్నాడు ఒత్‌మార్. "కానీ గెరోల్డ్ అభ్యంతరం ఉంది. ఆమె కాలికి వేరే బూటు వచ్చింది. ఎందుకో చెప్పండి సెవెరిన్ గారూ."

సెవెరిన్ టేపు సంగతి, చలిబల్ల సంగతి, ఆరబెట్టిన మెత్తల సంగతి చెప్పాడు. ఆమె ఏరుకున్నది ఒక జత అని, తను తొడిగింది రెండు జతల్లోంచి చెరోటి అని, పైన మార్చింది ఆ తప్పొక్కటే అని చెప్పాడు. పైన విప్పిన చిప్ప మీది టేపు పీకి అందరికీ చూపించాడు. నూట నలభై. తర్వాత వంగి ఆమె రెండు కాళ్ల మీది టేపులూ పీకాడు. నూట పది. నూట పది.

"అది మా చెల్లెలు తొడుక్కునే అంకె," అన్నాడు గెరోల్డ్.

బుర్గీ బూట్లవైపు చూసింది. తర్వాత తలెత్తింది. "గెరోల్డ్, నీ కాలివేళ్లు కదుపు, చూద్దాం."

అతను కిందికి చూశాడు. మొహంలో ఏదో వెతుకులాట కనపడింది. "మధ్యాహ్నానికి స్పర్శ వస్తుందిలే," అన్నాడు చివరికి. జట్టులో ముందు ఒకరు నవ్వారు, ఆ వెనక మిగతా అయిదుగురు.

"పాదం ఆమెది, ఎంపిక ఆమెది," అన్నాడు ఒత్‌మార్. "చిప్పలవాడి తప్పుకు కాలికి శిక్ష వెయ్యను. ముందు చోటు బుర్గీకే." పుస్తకం మూశాడు.

బుర్గీ సెవెరిన్ దగ్గరికొచ్చింది. అతను అప్రయత్నంగా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొక్క నిమిషమైతే తప్పుకునేదాన్ని," అంది మెల్లగా. "నువ్వు పైకి రాకపోతే తప్పు నీదని ఎవరికీ తెలిసేది కూడా కాదు."

"నీ కాలిదనుకునేదానివి కదా బతికినంతకాలం."

ఆమె కొట్టలేదు. అతని భుజం పట్టుకుని గుడిసె ముందున్న బెంచీ ఎక్కించింది.

"వెనకవాళ్లకి వినపళ్లేదట పెద్దాయనా. లిఫ్టు గదివాడు ఇప్పుడే వచ్చాడు. ఏ చిప్ప ఏ కాలిదో మళ్లీ మొదట్నుంచి చెప్పు, గట్టిగా."

సెవెరిన్ గొంతు సవరించుకుని నాలుగు చిప్పల కథ మళ్లీ మొదలుపెట్టాడు.