ఆవిరి గొట్టానికి తాయెత్తు

గాజునూలు బట్ట అంచు మడిచి, శశికళ మిషను సూది దించింది. చొక్కా చేతులు మణికట్ల దగ్గర టేపు చుట్టి బిగించుకున్నా దురద ఆగదు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. వర్జీనియా తీరంలోని ఆ ఓడల యార్డులో ఆవిరి గొట్టాలకు తొడుగులు కుట్టడం ఆమె పని. మనిషికి చొక్కా ఎలాగో, కాలిపోయే గొట్టానికి ఆ తొడుగు అలాగ. పదో తరగతితో చదువాగిన మనిషికి ఈ దేశంలో దొరికింది ఆ కుట్టుపనే. భర్త ఆదిశేషు పోయాక కూతురు వర్షను పెద్ద చేసిందీ ఆ కుట్టే.

రేవులో విమానవాహక నౌక బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. దాని కడుపులో రెండు అణు రియాక్టర్లు. ఒకసారి ఇంధనం నింపితే పాతికేళ్లు సముద్రాల మీద తిరుగుతుంది. అలా తిరిగి, ఏయే యుద్ధాలకో విమానాలను ఎగరేసి, సగం ఆయుష్షు గడిచాక ఇక్కడికొచ్చి, పొట్ట విప్పుకుని ఏళ్ల తరబడి పడుకుంది. మళ్లీ ఇంధనం పోశారు. రియాక్టర్ల వేడికి నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఓడను నడిపేదీ, విమానాన్ని ఆకాశంలోకి విసిరేదీ ఆ ఆవిరే. ఆ గొట్టాల మధ్యే నేవీలో చేరిన వర్షకు డ్యూటీ.

శశికళ దేనికైనా చెడ్డదే ముందు ఊహించుకుంటుంది. పిల్ల దగ్గితే న్యుమోనియా, ఫోను ఎత్తకపోతే యాక్సిడెంటు. తాయెత్తు కట్టబోతే వర్ష ఒప్పుకోలేదు. అందుకని కిందటి నెల, వర్ష నిలబడే చోటికి వెళ్లే తొడుగు తన బల్ల మీదికి రాగానే, గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం రెండు పొరల మధ్య పెట్టి కుట్టేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఈ పొద్దున పూజ దగ్గర మరో పొట్లానికి దీపం తగిలింది. కాగితం భగ్గుమంది. తొడుగులో కుట్టేసిన పొట్లం గుర్తొచ్చింది శశికళకు. నిన్నటి నుంచి ఆ గొట్టాల్లోకి ఆవిరి వదులుతున్నారు. పొగ లేస్తే? మంట పాకకుండా తలుపులు మూసేస్తే? లోపల తన పిల్ల!

చెప్తే ఉద్యోగం పోతుంది. అందరిలో వర్షకు తలవంపులవుతుంది. మిషను ఆపి లేచింది.

"డారెల్, తప్పు చేశాను. ఓడకెళ్లిన తొడుగులో కాగితం పెట్టి కుట్టాను" అంది తన వచ్చీరాని ఇంగ్లీషులో, ఫోర్‌మన్‌తో.

"నువ్వా? చూయింగ్ గమ్ కాగితం బల్ల మీద పెడితే నా ప్రాణం తీసేది నువ్వేగా, శశీ!" అని నవ్వాడు డారెల్. ఆమె మొహం చూసి నవ్వాపి ఫోను అందుకున్నాడు.

ఓడ ప్రయాణం ఆగింది. తొడుగు కోసే పని డ్యూటీలో ఉన్న వర్షకే పడింది. కాగితం అంచులు అప్పటికే నల్లబడ్డాయట.

కొత్త తొడుగు బిగించాక వర్ష ఓడ దిగి తల్లి దగ్గరికి వచ్చింది. మొహమంతా చెమట.

"అమ్మా, వై? ఆ రెడ్ పౌడర్ ఏంటని చీఫ్ అందరి ముందు అడిగాడు. నేను ఏం చెప్పాలి?"

"నీకేం కాకూడదనే, తల్లీ..."

"ఏమైనా అయితే నీ వల్లే అయ్యేది. యు నో దట్?"

శశికళ చేతులు చాచి ఓ అడుగు ముందుకేసింది.

"హగ్ వద్దు అమ్మా. నీ గ్లాస్ అంతా నాకు అంటుకుంటుంది." వర్ష కారు తాళం తల్లి అరచేతిలో పెట్టింది. "వీక్‌కి ఒకసారి స్టార్ట్ చెయ్యి. లేకపోతే బ్యాటరీ డెడ్ అవుద్ది."

గాజునూలుకే వద్దందో, తనకే వద్దందో శశికళకు తేల్చుకునే ధైర్యం లేకపోయింది. వర్ష మెట్లెక్కి ఓడలోకి వెళ్లిపోయింది.

డారెల్ ఆమె బ్యాడ్జి తీసుకుని, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. అతను ఆమె కళ్లలోకి చూడలేదు. అంత పెద్ద ఓడ, చప్పుడే లేకుండా ఒడ్డు వదిలింది. కనుమరుగయ్యే దాకా నిలబడి, శశికళ కూతురి కారు తలుపు తీసి కూర్చుంది.

గేరు పిడికి చుట్టి ఉన్న, జుట్టుకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండులో, వర్ష పొడుగాటి వెంట్రుక ఒకటి ఇంకా చిక్కుకునే ఉంది.