కొండే వెనక గోడ

మా దీవిలో, బ్రూక్షాబాద్ కొండవాలులో నేను గీసిన ఇల్లు రోడ్డు మీంచి చూస్తే కనబడకూడదు. అదే నా గొప్ప. ఒక్క చెట్టూ కొట్టించలేదు. వాలుతో పాటే గదులు మెట్లు మెట్లుగా దిగుతాయి. కప్పు మీద గడ్డి, ముందంతా అద్దాలు. వెనక గోడ కట్టనే అక్కర్లేదు, కొండరాయే గోడ. చెన్నైలో నాతో చదివినవాళ్లు చూసి కుళ్లుకోవాలని కూడా ఉండేది, దాచడమెందుకు.

ఇల్లు శివాజీది. హార్బర్లో పనిచేస్తాడు. ఒడ్డునున్న వాళ్ల రేకుల ఇంటిని సునామీ ఊడ్చుకుపోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి వాళ్లమ్మ కాళమ్మ షెల్టర్‌లోనే ఉంటోంది. సొంతిల్లంటే ఇష్టపడదు.

"ఈ ఇంట్లో అమ్మ ఉంటానంటేనే కడతాను అనిల్ భయ్యా, లేకపోతే క్యాన్సిల్" అని శివాజీ మొదటిరోజే చెప్పాడు.

పునాదికి ముగ్గు పోసిన పొద్దున ఆమె వచ్చింది. మర్నాడు తవ్వకం. గీతల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎనక తలుపేది బాబూ?"

"వెనక కొండ కదమ్మా. ఈ ఇంటికి అదే అందం."

"నీలొత్తే ఎటెల్తాను?"

"ఇంత ఎత్తుకి రావమ్మా. ఆ రోజు కూడా కిందనే ఆగిపోయాయి."

"మా గుమ్మం కాడికీ రావనే అన్నారు."

"అమ్మా, ఊరికే మొండిగా జిద్ చెయ్యకు. ఇంజినీర్ సాబ్‌కి తెలీదా?" అన్నాడు శివాజీ.

ఆమె కొడుకు వైపు చూడనైనా లేదు. "ఆ ఎనక గదిలోకెల్లి తొంగో బాబూ. నాను కేకేత్తాను, లెగిసి కొండెక్కు. గీత తొక్కావంటే గోడకి గుద్దుకున్నట్టే."

నాకు ఒళ్లు మండింది. డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి మట్టిలో పడుకోమంటుందా? శివాజీ మొహం చూసి, గొణుక్కుంటూనే పడుకున్నాను.

"నీలొచ్చేత్తన్నాయిరా!"

అది ఆటకి వేసిన కేక కాదు. లేచాను. నేనే పెట్టిన తలుపు ఎటుందో ఒక్క క్షణం తోచలేదు. గీతల్లోనే గది దాటి, వాలు దిగి, హాలు దాటి, మళ్లీ వాలు దిగి పరిగెత్తాను. ఎదురుగా సముద్రం. దాన్నుంచి తప్పించుకోవడానికి దానికే ఎదురెళ్తున్నాను. వరండా దాటి పక్కకి తిరిగి, చెట్ల వేళ్లు తట్టుకుంటూ కొండెక్కాను.

కాళమ్మ వేళ్లు ముడుస్తూ లెక్కపెడుతూనే ఉంది.

"నలబై," అంది. "మా చిట్టితల్లికి పదన్నా దొరకలేదు. మా రేకులింటికీ ఒకటే తలుపు, సముద్రం ఏపుకి. పడవలు కనబడాలని మా ఇంటాయన అలా పెట్టాడు."

శివాజీ తల దించుకున్నాడు. చిట్టితల్లి అతని చెల్లెలు, చంక దిగని వయసులోనే అలలకి పోయిందని ఊళ్లో విన్నాను. ఆ పేరు అతని నోట నేనెప్పుడూ వినలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. తలుపు పెడితే రాయి తొలిపించాలి, పైకి మెట్లు కొట్టించాలి. నేను మురిసిపోయిన గోడ మిగలదు. కొండ మొదట్లో పోసిన గీతని చెప్పుతో చెరిపాను.

"ఎంత వెడల్పు కావాలమ్మా?"

ఆమె వచ్చి చెరిపిన చోట నిలబడింది. చంకన బిడ్డని ఎత్తుకున్నట్టు ఎడమ చెయ్యి మడిచి, నేరుగా రాయి దాకా నడిచి చూసుకుంది. మోచెయ్యి చెరపకుండా మిగిలిన గీత మీదికి వచ్చింది.

"ఇంకాస్త," అంది.