కాంచన పిల్ల

గుడియాత్తం బజారులో మైకుసెట్టు లోగనాథన్‌ను తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయినా, గంగమ్మ తిరునాళ్ళయినా చెవులు చిల్లులు పడేటట్టు పాటలు వేసేది అతనే. ఊరికి అంత మోత వినిపించే మనిషి ఇంట్లో మాత్రం పిల్లి. అరవై ఏళ్ళు నిండినా తల్లి కాంచనమ్మ ‘ఏమప్పా’ అంటే చాలు, చేతిలో పని పక్కన పెట్టి నిలబడతాడు. కొట్టు తండ్రి దొరైస్వామి పెట్టింది. ఆయన పోతూ పోతూ కొడుక్కి నాలుగు బాకాలు, రెండు చెక్కపెట్టెల నిండా పాత గ్రామఫోను ప్లేట్లు వదిలిపోయాడు. వాటిని వినేవాడు లేడు, అడిగేవాడు లేడు. అయినా పారేయడానికి లోగనాథన్‌కు చేతులు రాలేదు.

ఆ పెట్టెలను వెతుక్కుంటూ ఒకరోజు వేలూరు బాగాయం నుంచి హేమమాలిని అనే అమ్మాయి ఇంటికి వచ్చింది. అమెరికాలో ఒక చిన్న రికార్డు కంపెనీకి ఆమె పనిచేస్తుంది. అక్కడి నల్లవాళ్ళు వందేళ్ళ కిందట పాడిన బ్లూస్ పాటలు, చర్చిల్లో గుంపుగా పాడిన గాస్పెల్ పాటలు అరిగిపోయిన ప్లేట్ల మీంచి ఎత్తి, గరగర తీసి, మళ్ళీ కొత్త రికార్డులుగా వేయడం ఆ కంపెనీ పని. ఈసారి గాస్పెల్ పాటలకు తోడుగా వేరే దేశాల్లో రెక్కాడితేగాని డొక్కాడని జనం కూడి పాడుకున్న భక్తిపాటలు కూడా వేస్తారట. తెలుగు ముక్క రాని ఆ అమ్మాయి ఇదంతా అరవంలోనే చెప్పి, నేల మీద చతికిలబడి పెట్టెల దుమ్ము దులిపింది.

మధ్యాహ్నానికి ఒక ప్లేటు చిక్కింది. పేరు ‘గుడియాత్తం వెంకటరమణ అండ్ పార్టీ’. తాను తెచ్చిన యంత్రం మీద పెట్టి ముల్లు దించింది. కాసేపు చినుకుల చప్పుడు, తరవాత హార్మోనియం, తాళాలు. అప్పుడు ఒక సన్నని గొంతు పైకి లేచింది. ‘నూలు నీదే స్వామీ, నేత నాదే’ అని ఆ గొంతు ఎత్తితే, వెనక పదిమంది మగవాళ్ళు అదే మాట బరువుగా అందుకున్నారు. హేమమాలిని కళ్ళు మూసుకుని వింది.

వాకిలి పట్టుకుని నిలబడ్డ కాంచనమ్మ కొడుకును సైగ చేసి పిలిచింది. పరాయి మనిషి ముందు మొహమాటం, అందుకని తెలుగులో, గొంతు తగ్గించి చెప్పింది.

“అది నేనే నాయనా.”

లోగనాథన్‌కు అర్థం కాలేదు. ఏదో అంటోందిలే అనుకున్నాడు. ఈలోగా పెద్దావిడ విన్నదన్న సంతోషంతో హేమమాలిని తన కంప్యూటరులోంచి ఒక గాస్పెల్ పాట వినిపించింది. ఒక ఆడమనిషి ఎత్తుతోంది, వెనక జనం చప్పట్లతో అందుకుంటున్నారు. ఒక్క మాట తెలియకపోయినా లోగనాథన్ ఒళ్ళు జలదరించింది. కాంచనమ్మ అయితే రెండో చుట్టుకే సరైన చోట చప్పట్లు వేసింది. పాట అయ్యాక ఆయమ్మ పేరేమని అరవంలో అడిగింది. తెలియదంది హేమమాలిని. పాత ప్లేటు మీద పాస్టరు పేరు, ‘అతని సంఘం’ అన్న మాట తప్ప ఏమీ లేదట. ఎంతమంది ఎన్నేళ్ళు వెతికినా ఆ గొంతు ఎవరిదో తేలలేదట.

హేమమాలిని ప్లేటు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట కాంచనమ్మ అన్నం ముట్టలేదు. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, అరవై ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్నది విప్పింది.

అప్పుడామెకు పదహారేళ్ళు. నేతవాళ్ళ భజన గోష్టికి వెంకటరమణ మాస్టరు. ఆయన హార్మోనియం పట్టుకుంటే, ముందు నిలబడి పాట ఎత్తేది ఈ పిల్ల. అందరూ రైలెక్కి మద్రాసు వెళ్ళి పాడి వచ్చారు. ప్లేటు మీద ఆడపిల్ల పేరు పడితే రేపు సంబంధం ఎట్లా కుదురుతుందని పెద్దలు అడ్డం పడ్డారు. పేరు పడలేదు, సంబంధం కుదిరింది. కుదిరిందీ ఎవరితో? ఆ ప్లేటునే ఊరూరా పెళ్ళిపందిళ్ళలో వేసే దొరైస్వామితో. కొత్త కాపురంలో ఒకసారి ధైర్యం చేసి ఇది నా గొంతే అని చెబితే, ఆయన పగలబడి నవ్వి ప్లేటు మీది పేరు చూపించాడు. అత్తగారు నవ్వలేదు. ఈ మాట వీధిలో అనొద్దంది. కాంచన మరి అనలేదు.

“ఆ చర్చి ఆయమ్మ చచ్చిపోయినాది. ఎవురికీ తెలీకుండా పోయినాది,” అంది కాంచనమ్మ. “నేను ఇంకా ఉండాను గదప్పా. పాడింది నేనని నా పేరు రాయమను. నాకింకేమీ వద్దు.”

అంతకు ముందు ఆమె కొడుకును ఏదీ కావాలని అడిగింది లేదు.  ఇది కూడా చేయలేకపోతే ఎందుకు పుట్టాను అనుకున్నాడు లోగనాథన్. పుట్టినందుకు చేసిన నిర్వాకం ఇక వినండి.

నెల తిరగకుండా హేమమాలిని ఫోనులో రాసి అడిగింది, రికార్డుతో పాటు వేసే పుస్తకంలో రాయాలి, ఆ గొంతు ఎవరిదో మీ ఊళ్ళో ఎవరికైనా తెలుసా అని. లోగనాథన్ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని జవాబు రాయబోయాడు. మాట్లాడేది తెలుగైనా ఆ వీధిలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు ఒకరిద్దరు. మిగతా అందరిలాగే లోగనాథన్‌దీ అరవబడి. కాంచన అని రాసి ఆగితే తల్లి ఒప్పుకోలేదు.

“ఒట్టి కాంచన అంటే ఎవురికి తెలుస్తాది? ఈ వీధిలోనే నలుగురుండారు. గోష్టిలో నన్ను కాంచన పిల్ల అనే పిలుస్తా ఉండినారు. అట్లనే రాయి.”

అట్లనే రాశాడు, అరవ అక్షరాల్లో. పాడింది కాంచన పిల్ల, వయసు పదహారు, ఊరు గుడియాత్తం. మా అమ్మ అని ఒక్క మాట చేర్చడానికి సిగ్గుపడ్డాడు. సొంత డబ్బా కొట్టుకుంటున్నాడనుకుంటారేమో, పేరు ఉంటే చాలదా, పుస్తకం అచ్చయి వచ్చాక చెబితే ఆ అమ్మాయీ ఆశ్చర్యపోతుంది అనుకున్నాడు.

తెలుగులో పిల్ల అంటే ఆడపిల్ల. అరవబడి అలవాటున అతను రాసింది పిళ్ళై. పిళ్ళై అంటే బిడ్డ, కొడుకు. అంతకు మించి, మగవాళ్ళు పేరు చివర తగిలించుకునే కులం బిరుదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం మాట్లాడే లోగనాథన్ నాలుక ఈ రెండింటినీ పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా కలపలేదు. రాసేసరికి వేళ్ళు కలిపేశాయి.

అక్కడితోనైనా ఆగిపోయేది. అచ్చుకు ముందు హేమమాలిని ఇంగ్లీషు పేజీ పంపి, ఒకసారి చూసి చెప్పండి సార్ అంది. లోగనాథన్ కళ్ళద్దాలు పెట్టుకుని పేరును అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. కాంచన ఉంది. పక్కన పిల్లా, చివర ఒక ‘ఐ’. ఇంగ్లీషువాళ్ళు పిల్లను ఇట్లా రాస్తారు కాబోలనుకుని మురిసిపోయాడు. కింద చీమల బారులా ఉన్న రాత జోలికి వెళ్ళలేదు. బొటనవేలు బొమ్మ పంపేశాడు. చదవలేనమ్మా, ఎవరిచేతనైనా చదివిస్తానని అంటే నోటి ముత్యాలు రాలిపోయేవి కాబోలు.

ఆరు నెలలకు రికార్డులు అట్టపెట్టెలో వచ్చాయి. పెద్ద నల్ల రికార్డు, దానితో బొమ్మల పుస్తకం. కాంచనమ్మ తలంటుకుని జరీచీర కట్టుకుంది. కేసరి చేయించి వీధి ఆడవాళ్ళను పిలిచింది. కొత్త కాపురంలో అత్తగారు అనొద్దన్న మాట ఈరోజు ఆ వీధి మధ్యలోనే అనబోతున్నానని ఆమెకు తెలుసు, ఆ గర్వం ముఖంలో కనబడుతూనే ఉంది. ఇంగ్లీషు చదవడానికి పక్కింటి సుమిత వచ్చింది. ఇంగ్లీషు బడిలో టీచరు ఆమె. పేజీ తీసి, కాంచన పిళ్ళై అని పైకి చదివింది.

“ఆ, పిల్లే. నేనే,” అంది కాంచనమ్మ. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. కాంచనమ్మ కళ్ళు తుడుచుకుంది.

సుమిత మాత్రం కింది భాగం తనలో తాను చదువుకుంటూ పోయి, పుస్తకం మూసేసింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని అబద్ధం చెప్పి, లోగనాథన్‌ను బయటికి పిలిచింది. అక్కడ ఉన్నదేమిటో నెమ్మదిగా చెప్పింది. ఈ పాట పాడింది పిళ్ళై కులపు అబ్బాయి. ఇంకా గొంతు మారని వయసు. పదహారని చెప్పినా పన్నెండు మించి ఉండదు. బాలల నాటక కంపెనీల్లో ఆడవేషాలు వేసిన పిల్లల్లో ఒకడై ఉంటాడు, కాంచన అనే ఆడపేరు అట్లా వచ్చినదే. ఆడపిల్లేమో అని భ్రమపడేంత లేతగా పాడాడు. అమెరికాలోని పండితుడెవరో ఒక పేజీ నిండా ఆ అబ్బాయిని మెచ్చుకున్నాడు.

 లోపల తల్లి నవ్వు వినబడుతోంది. అవ్వకు చెప్పొద్దమ్మా అని లోగనాథన్ సుమితను వేడుకున్నాడు.

వెంటనే బస్సెక్కి వేలూరు వెళ్ళి, బాగాయంలో హేమమాలిని ఇంటి తలుపు తట్టాడు. ఆమె విని, తలపట్టుకుని కూర్చుంది. వాకిట్లో నిలబడ్డ ఆ పెద్దావిడా అని రెండుసార్లు అడిగింది. మీరు సరేనన్నారు గదా సార్ అని మాత్రం అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది. రికార్డులన్నీ అచ్చయి దేశదేశాలకు వెళ్ళిపోయాయి. అది చిన్న కంపెనీ, ఏదీ రెండోసారి వేయదు. వాళ్ళ వెబ్‌సైటులో పేరు మారుస్తారట. ఆ పండితుడు మాత్రం ఆధారం కావాలంటాడట. గోష్టిలో ఇంకెవరైనా బతికి ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరు. అందరూ కాంచనమ్మ కన్నా పెద్దవాళ్ళు.

పాట అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. వేలమంది విన్నారు. ఆ అబ్బాయి తరవాత ఏమయ్యాడో తెలుసా అని ఒకరు అడిగారు. పాపం చిన్నప్పుడే పోయి ఉంటాడని ఇంకొకరు జవాబు చెప్పారు. ఇది మా అమ్మ పాడింది అని లోగనాథన్ దాని కింద అరవంలో రాశాడు. సాయంత్రానికి నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. తుడిపేద్దామంటే అది కూడా అతనికి చేతకాలేదు. ఊరంతా మోగే బాకాలున్నాయి ఇంట్లో, ఒక్కడి చెవికి మాట చేరవేసే దారి లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కొట్టులో బాకాలన్నీ దించి, మళ్ళీ ఎక్కించాడు.

కాంచనమ్మ మాత్రం ఎక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం సంచిలో పెట్టుకునే వెళ్ళేది. కంటి పరీక్షకు వేలూరు ఆస్పత్రికి బయలుదేరినప్పుడూ పెట్టుకుంది. ఇంట్లో పెట్టి పోదామమ్మా అంటే వినలేదు. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాక, లోగనాథన్ నీళ్ళ సీసా నింపుకుని వచ్చే లోపల, కంట్లో మందు వేయడానికి వచ్చిన నర్సు చేతికి పుస్తకం ఇచ్చేసింది. అతను తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల వరసగా చదువుతూ, అవ్వను పాట్టీ అని పిలుస్తూ అరవంలో చెప్పేస్తోంది, ఎంతో ఉత్సాహంగా. ఈ అబ్బాయి పన్నెండేళ్ళవాడట పాట్టీ, ఆడవేషాలు వేసేవాడట, ఎంత బాగా పాడాడో అని రాశారు, మీకేమవుతాడు అంది.

కాంచనమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆ ముఖం చూశాక ఆమె ఇంకేమీ అడగనక్కర లేకపోయింది. అయినా అడిగింది.

“ఏ పిల్లోడు నాయనా?”

లోగనాథన్ ఆమె పక్కన కూర్చుని అన్నీ చెప్పాడు. రాసిన రాత, పంపిన బొటనవేలు, బాగాయం వెళ్ళిరావడం, ఏదీ దాచలేదు. తప్పు నాదేనమ్మా అన్నాడు. తిడుతుందని చూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు. నర్సు వైపు తిరిగి, అది నేను పాడింది, చూడు అని అరవంలో చెప్పి, గొంతు సవరించుకుని పాట ఎత్తింది.

నూలు నీదే దాకా వచ్చింది. స్వామీ దగ్గర గొంతు పట్టుకుంది. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. ఈసారి గాలి వచ్చింది, పాట రాలేదు. పక్క బెంచీల వాళ్ళు తిరిగి చూశారు. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని, బాగుంది పాట్టీ, చాలు, ఆయాసపడొద్దు అని లాలించి, పుస్తకం ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. చంటిపిల్లను ఊరుకోబెట్టినట్టే ఉంది ఆ లాలింపు.

నువ్వే పాడినావమ్మా, నాకు తెలుసు అనాలని లోగనాథన్ నోరు తెరిచాడు. తెలుసని ఎట్లా అనగలడు? అరవై ఏళ్ళలో తల్లి పాడగా అతను విన్నది ఇదే మొదటిసారి. జోలపాట కూడా వినలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. 

గోడ మీది నంబర్ల పలకలో ఎర్రంకె మారింది. కాంచనమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుని, కొడుకు భుజం ఆసరాగా లేచి నిలబడింది.

“ఆ పిల్లోడే పాడినాడేమోలే నాయనా,” అంది. “పద, మన నంబరు వచ్చినాది.”